రాజుగారి భోజనశాలలో ఆవకాయ జాడీ

ఒకానొక సముద్రతీరాన మొగలిరేవు అనే బుల్లి రాజ్యం ఉండేది. ఎంత బుల్లిదంటే, ఉద్దండ భూపతిగారి బిరుదులు భట్రాజు చదివి ముగించేలోపు రాజ్యమంతా ఓ చుట్టు తిరిగి రావచ్చు.

ఒకనాడు ఎర్రగడ్డం దొర ఒకడు ఓడ దిగి కొలువుకొచ్చాడు. రాజుగారికి నిలువుటద్దం కానుకిచ్చి, దుబాసీ చేత ఇలా చెప్పించాడు: "మాది ఇంగ్లీషు దేశం. అక్కడ ఎప్పుడూ చలి, వాన. మిరియం గింజ మొలవదు. మీ నేతబట్టకు మావాళ్లు పడిచస్తారు. పైగా ఆస్తంతా పెద్దకొడుక్కే, నాబోటి చిన్నకొడుకులు ఓడెక్కాల్సిందే. తమ రేవులో సరుకు దాచుకోవడానికి పిసరంత చోటిప్పించండి ప్రభూ!"

రాజుగారు అద్దంలో మీసం దువ్వుకుంటూ "ఓస్, ఇంతేనా! శుక్రవారం ముద్ర వేసిస్తాం ఫో" అన్నారు.

ఆస్థానంలో హాస్యానికి పేరుపడ్డ సోమిదేవయ్యకు ఈ మాట నచ్చలేదు. దొర అడిగిన చోటు పక్కనే జాలరిపేట ఉంది. దక్షిణాన ఏదో రేవులో ఇలాగే ముందు గిడ్డంగి, దాని చుట్టూ గోడ, గోడ మీద ఫిరంగి లేచాయని, ఆఖరికి జాలర్లు వలలు ఆరేసుకోవాలన్నా దొర అనుమతి కావలసి వచ్చిందని అతడు విన్నాడు.

"ప్రభూ, ముద్ర పడిందంటే జాలరిపేట మనది కాదు!" అని మొత్తుకున్నాడు.

"పిరికి సన్నాసీ! పిసరంత చోటుకు పేటలు పోతాయటయ్యా?" అని రాజుగారు కసిరారు. సభంతా గొల్లుమంది.

మర్నాడు సోమిదేవయ్య వినయంగా వచ్చాడు. "మహాప్రభో, మా ఇంట్లో కొత్తావకాయ పెట్టాం. కోతుల బెడదగా ఉంది. తమ భోజనశాలలో ఓ మూల జాడీ పెట్టుకోనివ్వండి."

"అదెంత భాగ్యం! పెట్టుకో."

జాడీ వచ్చింది. మూల చెమ్మగా ఉందని నట్టనడుమకు జరిగింది. ఇంతలో వంటవాడు తడిచేత్తో పక్కనుంచి వెళ్లాడు. "అయ్యయ్యో, తడి తగిలితే బూజు పట్టదూ!" అంటూ సోమిదేవయ్య జాడీ చుట్టూ తడిక కట్టాడు. కాపలాకు వాళ్ల అత్తగారు అచ్చమ్మను కూర్చోబెట్టాడు. ఆవిడ నోరు లేస్తే కోతులే కాదు, ఏనుగులు కూడా దారి మళ్లేవి. ఆవిడేమో మడి కట్టుకుంది. మడికి ఎవరూ తగలకూడదు గనక తడిక వెడల్పయింది. ఆవిడకు నీళ్లు తోడేందుకో మనిషి, విసిరేందుకో మనిషి వచ్చారు. వాళ్లూ ఎక్కడో అక్కడ పడుకోవాలి కదా, తడిక గుమ్మం దాకా పాకింది.

గురువారం మధ్యాహ్నం రాజుగారు నకనకలాడే ఆకలితో వచ్చారు. లోపల్నుంచి పప్పు పోపు వాసన గుప్పుమంటోంది.

"ఎవరదీ? అక్కడే ఆగు!" అంది అచ్చమ్మ.

"నేను! ఈ దేశపు రాజుని!"

"అయితే ఏం నాయనా? స్నానం చేశావా?"

రాజుగారు పరుగున స్నానం చేసొచ్చారు.

"ఒళ్లంతా తడి! మా అల్లుడి జాడీ ఏం గానూ?"

తుడుచుకొచ్చారు.

"ఆ తువ్వాలు మైలది. మళ్లీ మునుగు."

ఉద్దండ భూపతిగారు ఆ పూట ఎన్నిసార్లు మునిగారో ఆ నూతికే తెలియాలి. చివరికి పంచె పిండుకుంటూ గావుకేక పెట్టారు. "సోమిదేవయ్యా! ఇది మా తాతలనాటి భోజనశాల! నా అన్నం నేను తినడానికి ఈవిడ్ని అడుక్కోవాలా?"

సోమిదేవయ్య చేతులు జోడించాడు. "నేనడిగింది జాడీ పట్టేంత చోటే ప్రభూ. తక్కినదంతా జాడీ క్షేమం కోసం వచ్చింది. తాతలనాటి సముద్రం దగ్గరికి పోవడానికి రేపు జాలర్లు కూడా ఇలాగే అడుక్కోవాలి. మా జాడీలో ఉన్నది ఆవకాయ. దొరగారి జాడీలో ఉండేది మందుగుండు."

 రాజుగారు పొట్ట పట్టుకుని పకపకా నవ్వారు. "ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ముద్రా లేదు, గిద్రా లేదు. దొరను పగలు సంతలో సరుకు కొనుక్కుని, రాత్రికి ఓడలో పడుకోమను!"

చేతి కంకణం తీసి సోమిదేవయ్యకు తొడిగారు. అచ్చమ్మకు పట్టుచీర ఇవ్వబోతే "కింద పెట్టి నాలుగడుగులు వెనక్కి పో నాయనా" అంది. రాజుగారు నవ్వాపుకుంటూ అలాగే వెనక్కి వెళ్లారు. ఆ సాయంత్రం జాలరిపేటలో వలలు ఎప్పటిలాగే ఆరాయి.

ఎర్రగడ్డం దొర మూతి ముడుచుకుని, లంగరెత్తి మరో రేవు వెతుక్కున్నాడు. అక్కడి రాజు అదేరోజు ముద్ర వేశాడు. పాపం, ఆయన కొలువులో పండితులు కొల్లలుగా ఉన్నారు గానీ, ఒక్క అచ్చమ్మ లేకపోయింది.