చిలుకలు దిగి గోరింకలు ఎక్కిన రోజు

నల్లగుట్ట అడవిలో కబుర్లు మోసేది చిలుకలు. కుందేలు తన అక్కకి ఏదైనా చెప్పాలనుకుంటే చింతచెట్టు దగ్గరికి వెళ్ళి ఓ చిలుక చెవిన వేసేది. చిలుక ఎగిరి వెళ్ళి అక్కకి మాత్రమే చెప్పి వచ్చేది. ఇరవై ఏళ్ళుగా ఇదే పద్ధతి. కాకపోతే చిలుకలు ముసలివైపోయాయి. పొద్దున చెప్పిన కబురు సాయంత్రానికి గానీ చేరడం లేదు. దారిలో జామపండు కనపడిందంటే మర్నాటికే.

ఈ పద్ధతి మార్చే పని సింహం దొర జిత్తయ్య అనే నక్కకి అప్పగించాడు. "చిలుకల బదులు గోరింకలని పెట్టు. నా పుట్టినరోజుకి అంతా మొదలైపోవాలి. సరిగ్గా చేశావంటే వేటలో రెండో వాటా నీదే" అన్నాడు.

బుద్ధెరిగాక ఎముకలు తప్ప ఏమీ దక్కని జిత్తయ్యకి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ సంతోషంలో చిలుకతో తమ్ముడికి ఓ కబురు పంపి, ఆనక మీటింగ్ పెట్టాడు. ఇసుకలో తోకతో గీతలు గీసి మరీ ప్లాను చెప్పాడు. చిలుకలు తమకి గుర్తున్న కబుర్లన్నీ గోరింకలకి అప్పజెప్పాలి. పుట్టినరోజు పొద్దున చిలుకలు చెట్టు దిగాలి, గోరింకలు ఎక్కాలి. దీన్ని అప్‌గ్రేడ్ అంటారట. ఆ మాట మీటింగులో పద్నాలుగుసార్లు అన్నాడు.

కంబయ్య అనే ముసలి ఎద్దు నెమరు ఆపాడు. "ఒరే అబ్బాయ్, ముందు కుందేళ్ళ వాడలో ఓ వారం ట్రయల్ వేసి చూడరాదూ?"

"టైమెక్కడుంది బాబాయ్? ఇంకా తొమ్మిది రోజులే."

"పోనీ, ఏ కబురు ఎవరికి చెప్పాలో కూడా నేర్పుతున్నారా?"

జిత్తయ్యకి ఒళ్ళు మండింది. పని చేసేవాడికి అడ్డుపడేవాళ్ళు ఎప్పుడూ ఉంటారనుకున్నాడు. "అది రెండో ఫేజ్‌లో చూద్దాంలే బాబాయ్. ముందు కబుర్లు చేరనీ. ఒక్కటి కూడా వదలొద్దు పెద్దమ్మా" అని చిలుకల పెద్ద పచ్చమ్మకి చెప్పాడు.

"ఒక్కటి కూడానా నాయనా?"

"ఒక్కటి కూడా."

"తరవాత నన్ననకూడదు మరి" అంది పచ్చమ్మ, జామపండు కొరుక్కుంటూ.

పుట్టినరోజు పొద్దున అడవంతా చింతచెట్టు కింద చేరింది. జిత్తయ్య తోక దువ్వుకుని వచ్చి సింహం పక్కనే నిలబడ్డాడు. రెండో వాటా తల్చుకుంటే నోట్లో నీళ్ళూరుతున్నాయి. "కానివ్వండి" అన్నాడు.

"పెద్దపులి వస్తోంది, పరుగెత్తండి" అంది మొదటి గోరింక. అది ఆరేళ్ళ కిందటి కబురని తెలిసేసరికి జింకలు సగం అడవి దాటేశాయి.

"అక్కా, మా అత్తగారు పంపిన ముల్లంగి పందికి పెట్టాను, అదీ తినలేదు" అంది రెండోది. కుందేలు అత్తగారు అక్కడే ఉంది. పందీ అక్కడే ఉంది.

"వడ్రంగిపిట్టా, ఎవరికీ తెలియనివ్వకు. నా ముందుపళ్ళు రెండూ కదులుతున్నాయి" అంది మూడోది. ఎవరివా అని అందరూ చుట్టూ చూశారు. సింహం పంజాతో మూతి కప్పుకున్నాడు.

జిత్తయ్య చెట్టు చుట్టూ గిరగిరా తిరిగాడు. ఆపడం ఎలాగో ప్లానులో రాసుకోలేదు. మళ్ళీ చిలుకల్నే ఎక్కిద్దామంటే అవి పొద్దున్నే జామతోటకి వెళ్ళిపోయాయి.

అంతలో కొమ్మ చివరన ఓ బుల్లి గోరింక గొంతు సవరించుకుంది. తమ్ముడికి పంపిన కబురు గుర్తొచ్చి జిత్తయ్య దాని మీదికి ఎగిరాడు, అందలేదు.

"తమ్ముడూ, ఈ ముసలి సింహం నోటి కంపుతో చస్తున్నాననుకో. రెండో వాటా చేతికి రానీ, తరవాత మొదటిదీ మనదే."

సింహం మూతి మీది పంజా తీయకుండానే అడిగాడు. "రెండో ఫేజ్ ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఓ మూడు నెలలు దొరా."

"అందాకా కబుర్లు నువ్వే మొయ్యి. కాళ్ళున్నాయిగా. మొదటిది మీ తమ్ముడికే చెప్పి రా. ఇకనించి మీ అన్నకి ఎముకలు కూడా లేవని చెప్పు."

జిత్తయ్య తోక ముడుచుకుని బయల్దేరాడు. రెండడుగులు వేశాడో లేదో, గోరింకలు ఆ కబురు అడవి నాలుగు మూలలా చాటేశాయి. కంబయ్య మళ్ళీ నెమరు మొదలెట్టాడు.

మాట మొయ్యడం నేర్పేవాడు, దాన్ని ఎవరి దగ్గర దించాలో కూడా అప్పుడే నేర్పాలి.