ఖాళీ చేసిన చోటు

విద్యాధర్ డిస్కు నిండిపోయింది. సాయంత్రానికల్లా ఒక నగల దుకాణం ప్రకటన అప్పగించాలి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరేమో చోటు లేదని మొరాయించి కూర్చుంది. మనవాడు కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగాడు.

ఆ గది విజయవాడ గాంధీనగర్‌లో ఇబ్రహీం మాస్టారిది. ఫిల్మును కత్తెరతో కోసి అతికించిన కాలం నాటి ఎడిటరు ఆయన. కోసిన ముక్కల్ని మేకులకు వేలాడదీసి, సినిమా విడుదలయ్యేదాకా ఒక్కటి కూడా పారెయ్యనిచ్చేవారు కాదట. ఇప్పుడు ఫిల్మూ లేదు, మేకులూ లేవు. శిష్యులకు చెప్పే మాట మాత్రం మారలేదు: "పూర్తిగా చూడకుండా దేన్నీ తీసెయ్యకు."

విద్యాధర్‌కి అది పెద్దాయన చాదస్తంగా తోచేది. పనిలో చురుకైనవాడే, కాదనను. ఆ చురుకుతోపాటు కాస్త పొగరు కూడా ఉండేది.

డిస్కులో సీతాపతిగారి ఫుటేజీ కనిపించింది. పద్యనాటకాలకు జీవితమంతా హార్మోనియం వాయించిన పెద్దమనిషి ఆయన. ఆయన మీద తీసిన డాక్యుమెంటరీని విద్యాధరే ఎడిట్ చేశాడు; అది అప్పటికే పూర్తయింది, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఇంకా ఈ అసలు ఫుటేజీ దేనికి? డిలీట్ నొక్కాడు, పోయింది. దానికి రెండో కాపీ పెట్టమని మాస్టారు ఇచ్చిన డిస్కులో మనవాడి సొంత ఘనకార్యాలున్నాయి: ఫైనల్, కొత్త ఫైనల్, అసలు ఫైనల్. ఆ రెండో కాపీ మాత్రం లేదు.

మాస్టారు రాగానే గొప్పగా చెప్పాడు. "ఎడిటరంటే తీసెయ్యడం తెలిసినవాడే కదా మాస్టారూ!"

మాస్టారు తెర ముందుకు వంగి ఆ ఖాళీ చోటు చూశారు.

కొన్నాళ్లకు సీతాపతిగారు పోయారు. దినాలయ్యాక ఆయన కూతురు శ్యామల వెతుక్కుంటూ వచ్చింది.

"మీ సినిమాలో నాన్న వాయించడం ఉంది, పద్యాలున్నాయి. నాన్న మామూలుగా మాట్లాడిందే లేదు బాబూ. ఆ రోజు మైకు సరిచేస్తున్నంతసేపూ నాతో ఏవో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. కెమెరా నడుస్తూనే ఉందన్నారు. అది ఇప్పించండి. మా ఫోన్లలో ఎక్కడా ఆయన మాట లేదు."

విద్యాధర్ గబగబా కంప్యూటరు ముందుకెళ్లాడు. పోయినవాటిని వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేరు పెట్టి చూశాడు. ఫైళ్ల పేర్లయితే వచ్చాయి గానీ ఒక్కటీ తెరుచుకోలేదు. వాటి చోటులో నగల ప్రకటన ఉంది.

మాస్టారు వచ్చి అతని కుర్చీలో కూర్చున్నారు. డిస్కులో ఓ మూల ఉన్న ఫోల్డరు తెరిచారు.

"ఇవేంటి?"

"సాఫ్ట్‌వేర్ తన వీలు కోసం తయారు చేసుకునే తాత్కాలిక ఫైళ్లు మాస్టారూ."

మాస్టారు మొత్తం తీసేశారు. డిస్కు ఒక్కసారిగా సగం ఖాళీ అయింది. సీతాపతిగారిని తీసేస్తే దొరికిన చోటు ఇందులో ఓ మూలకి కూడా రాదు.

"ఇవి పోతే ఎలా?"

"పర్లేదు మాస్టారూ, మళ్లీ..." అని ఆగిపోయాడు విద్యాధర్. మళ్లీ తయారవుతాయి అనబోయాడు.

మాస్టారు లేచి, ఆ కుర్చీని శ్యామల ఎదురుగా జరిపారు.

"కూర్చో. చెప్పు."

"ఏం చెప్పను మాస్టారూ?"

"అది ఇప్పుడు నీ బుర్రలో తప్ప ఎక్కడా లేదు. ఉన్నంత చెప్పు."

విద్యాధర్‌కి తల ఎత్తాలంటే సిగ్గేసింది. అయినా కళ్లు మూసుకుని వెతుక్కున్నాడు.

"మైకు పెడుతుంటే మీకేసి తిరిగి... 'చిట్టీ' అన్నారు."

శ్యామల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అన్నాడా? నన్నలా పిలిచేవాళ్లు ఇంకెవరూ లేరు బాబూ."

"'చిట్టీ, మీ అమ్మే ఉంటే నన్నీ చొక్కా వేసుకోనిచ్చేదా?' అన్నారు. మీరు నవ్వారు."

"అవునవును, నవ్వాను." ఆవిడ కళ్లు తుడుచుకుంటూనే మళ్లీ నవ్వింది. కుర్చీ ముందుకు లాక్కుంది. "తర్వాత మంచినీళ్లకని లోపలికి వెళ్లాను. నేను లేకపోయినా మాట్లాడుతూనే ఉన్నాడు. నా పేరు వినపడింది, మిగతాది అందలేదు. వచ్చి అడిగితే ఏం లేదులే అన్నాడు. ఏమన్నాడు బాబూ?"

విద్యాధర్ మాస్టారి వైపు చూశాడు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"అక్కడ... ఎడిటింగప్పుడు అక్కడ నేను వినకుండా ముందుకు జరిపేశానమ్మా."

ఆవిడ లేవలేదు. గుర్తొస్తుందేమోనని ఇంకాసేపు అతని మొహంలోకే చూస్తూ కూర్చుంది.