దాలమ్మ నెమలీక

ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, నిద్రొచ్చేవాళ్ళు కాళ్ళు ముడుచుకుని పడుకోండి. ఇది కాళ్ళ కథ.

అనగనగా ఏటి ఒడ్డున చెరకుపాలెం అని ఒక ఊరు. ఊరి చుట్టూ చెరకు, చెరకు మధ్య గానుగలు, గానుగల పక్కన బెల్లం పొయ్యిలు. వెన్నెల కాసినా బెల్లం వాసనే, వాన కురిసినా బెల్లం వాసనే. ఆ ఊళ్ళో పుట్టిన బిడ్డ నాలిక్కి మొదట తగిలేది బెల్లం. అంబలిలో బెల్లం, పెరుగులో బెల్లం. కోపమొస్తే బెల్లం, ప్రేమొస్తే మరీ బెల్లం.

ఆ ఊరికి ఒక జబ్బు పట్టుకుంది. దాహం, దాహం, దాహం. కుండెడు నీళ్ళు తాగినా తీరని దాహం. మనిషి చెరకు పిప్పిలా ఎండిపోయేవాడు. కాలికి ముల్లు దిగితే తెలిసేది కాదు. తెలిసేసరికి పుండయ్యేది. పుండుతో కాలు పోయేది, కాలి వెనకే మనిషీ పోయేవాడు. దాన్ని తీపిజబ్బు అనేవారు.

ఊరి పెద్ద జగ్గునాయుడి తండ్రి అలాగే పోయాడు. అప్పుడు నాయుడు పెద్దల సభ పెట్టి, దూరం నుంచి వైద్యుణ్ణి పిలిపించి, ఊరికి మూడు కట్టుబాట్లు చేయించాడు.

మొదటిది, తెల్లారగానే అందరూ ఊరి బయటి దిబ్బ దాకా నడిచి రావాలి.

"దిబ్బకి దారి కావాల నాయుడికి. కూలీ ఇవ్వకుండా మన కాళ్ళతో తొక్కించుకుంటన్నాడు" అన్నారు జనం.

రెండోది, పొద్దుటిపూట బెల్లం మానేసి కొర్ర గంజి తాగాలి.

"నాయుడి బావమరిది గాదెలో కొర్రలు ముక్కిపోతన్నాయి. అదీ సంగతి" అన్నారు.

మూడోది, పొలం నుంచి వచ్చేవాళ్ళు ఊళ్ళోకి అడుగుపెట్టేముందు కాళ్ళు కడిగించుకోవాలి. అందుకోసం ఊరి మొదట్లో సభ ఒక ముసలమ్మను కూర్చోబెట్టింది. దీనికి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతే.

ఎందుకంటే సరిగ్గా ముందురోజే ఊరుమ్మడి బెల్లం కొట్లో దిమ్మ పోయింది. అలా పోవడం అది మూడోసారి. కొట్టు ముందున్న బూడిదలో వెడల్పాటి పాదం ముద్ర పడి ఉంది. దొంగ దొరికితే ఊరి నుంచి వెలి అని సభ చెప్పేసింది. నిన్న బూడిదలో అడుగు, ఇవాళ కాళ్ళు చూసే ముసలమ్మ! ఇంక ఎవరికి అర్థం కాదు?

ఆ ముసలమ్మ పేరు దాలమ్మ. ఏటికి అవతలి నుంచి వచ్చింది. పెనిమిటి కాలిపుండుతోనే పోయాడట. ఆమె దగ్గర ఉన్నవి మూడే. ఒక చెంబు, ఒక పాతగుడ్డ, ఒక నెమలీక. వచ్చినవాళ్ళ కాలు కడిగి, గుడ్డతో తుడిచి, వేళ్ళ సందుల్లో చూసేది. తర్వాత నెమలీకతో మడమ మీద ఒకసారి, అరికాలి మీద ఒకసారి, బొటనవేలి మీద ఒకసారి రాసేది. రాసినప్పుడల్లా అడిగేది.

"తెలత్తందా? తెలత్తందా? తెలత్తందా?"

"ఏటి తెలవాల? నా కాలి కొలత నీకు తెలత్తంది!" అని ఒకడు చెంబు తన్నేసి పోయాడు.

తర్వాత మగవాళ్ళు ఆ దారే మానేశారు. వెనకనుంచి కాలవలో దిగి, బురదలో పడి ఇళ్ళకు చేరేవారు. దాలమ్మ మాత్రం నిండు చెంబు పక్కన పెట్టుకుని పొద్దుగూకే దాకా కూర్చునేది.

ఆ ఊళ్ళోనే అప్పలసూరి, బంగారి అని ఆలూమగలు. అప్పలసూరి పాకం పట్టడంలో చెయ్యి తిరిగినవాడు. ఉడుకుతున్న పాకాన్ని వేళ్ళ మధ్య తీగలా సాగదీస్తే, బంగారికి ఆ తీగ తన గుండె దాకా సాగినట్టుండేది. ఆ తీగ చూసే ఆమె అతణ్ణి మనువాడింది.

వైద్యుడు వచ్చిన కొత్తలోనే, కొట్లో దిమ్మలు పోవడం మొదలుకాకముందే, అప్పలసూరికి తీపిజబ్బు ఉందన్నాడు. సభ అతణ్ణి పాకం పొయ్యి నుంచి తప్పించి గానుగ ఎడ్ల దగ్గరికి మార్చింది. ఆ రోజు బంగారి ఏడిస్తే, అతను ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"ఇంక బెల్లం ముట్టను బంగారీ. నీ మీద ఒట్టు."

ఆ చెయ్యి బరువు ఆమెకు చాలా రోజులు తల మీద పువ్వులా ఉంది.

అప్పలసూరి కూడా కాలవ దారినే వచ్చేవాడు. "ఆ ముసల్దాని ముందు కాలెట్టను" అనేవాడు. "ఎట్టకు మావా. ఆ కళ్ళు సూడు, ఎలుకని సూసే పిల్లి కళ్ళు" అనేది బంగారి. నీళ్ళకు వెళ్ళినప్పుడు దాలమ్మ ఎదురైతే మొహం తిప్పుకునేది.

ఒక పొద్దున చిలక్కొయ్యకు తగిలించిన అతని పంచె మీద చీమల బారు కనిపించింది. గోడ మీద నుంచి, కొయ్య మీద నుంచి, పంచె కొంగు ముడిలోకి పోతోంది. బంగారి ముడి విప్పింది. లోపల బెల్లం ముక్క. ఊరుమ్మడి కొట్లో దిమ్మ అంచుకు వేసే గీత దాని మీద ఇంకా ఉంది.

తల మీద పువ్వు రాయైపోయింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. అతణ్ణి కూడా అడగలేదు. ముక్క పొయ్యిలో పడేసింది. ఆ రోజు నుంచి దాలమ్మ మీద అనుమానం పోయి భయం పట్టుకుంది. ఆ ముసల్ది ఒక్కసారి ఈ పాదం చూసిందా, ఊరు వదలాలి. ఎక్కడికి పోతారు? ఎవరు రానిస్తారు?

ఇంకోనాడు ఆమె ఇల్లు అలికి, గడపలో ముగ్గు పెట్టి కూర్చుంది. అప్పలసూరి ఎద్దు చేసిన చిలిపి పని చెబుతూ, నవ్వుతూ లోపలికి వచ్చాడు. అలికిన నేల మీద అడుగులు పడ్డాయి. ఒక అడుగు మట్టి, ఒక అడుగు ఎరుపు. మట్టి, ఎరుపు, మట్టి, ఎరుపు. బంగారికి పెళ్ళినాటి పారాణి గుర్తొచ్చి నవ్వొచ్చింది. మరుక్షణం నవ్వు ఆగిపోయింది.

"మావా, నీ కాలు!"

"నా కాలికేటయింది?" అన్నాడు అతను, ఇంకా నవ్వుతూనే.

కాలవ గట్టు మీది చెరకు మోడు అరికాల్లో విరిగి ఉంది. అతనికి తెలియనే తెలియదు.

అప్పుడు బంగారి గుండెను ఒక మాట ఇటు లాగింది, ఒక మాట అటు లాగింది. తీసుకెళితే దొంగ. తీసుకెళ్ళకపోతే కాలు. ఊరు పోతే ఇంకో ఊరు వెతుక్కోవచ్చు. మనిషి పోతే?

"పద" అంది.

"ఎక్కడికి?"

"దాలమ్మ దగ్గరికి."

అతని మొహం తెల్లబోయింది. "వద్దే బంగారీ. నీకు తెలదు…"

"నాకు తెలుసు. చీమలు సెప్పినాయి. పద."

నడిబజారులో, అందరూ చూస్తుండగా, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. దాలమ్మ చెంబు ఎత్తింది. కాలు కడిగింది. తుడిచింది. మోడు ముక్క పీకింది. నెమలీకతో రాసింది.

"తెలత్తందా?"

"నేదు."

"తెలత్తందా?"

"నేదు."

"తెలత్తందా?"

అతను తల వంచుకున్నాడు. బొటనవేలు అప్పటికే నల్లబడింది.

ఈలోగా ఊరు పోగయింది. "అప్పలసూరి దొరికిపోనాడు!" అని ఎవరో అరిచారు. జగ్గునాయుడు పరుగున వచ్చాడు.

"దాలమ్మా, మొదటిరోజే నీకు బూడిదలో అడుగు సూపించినాను గదా. కనబడితే సెప్పమన్నాను గదా. ఇదేనా?"

జనం గోలపెట్టారు. "సూసేరా! మనం అనుకున్నదే నిజం!"

బంగారి కళ్ళు మూసుకుంది. దాలమ్మ చెంబు పక్కన పెట్టింది.

"నన్ను ముళ్ళు సూడమని కూకోబెట్టినావు బావూ. దొంగల్ని సూడ్డానికి ఇంకో మనిసిని ఎట్టుకో. ఒక్క కాలి సంగతి సెప్పినానంటే, రేపటినుంచి ఒక్క కాలూ నా సెంబు కిందకి రాదు."

"సెప్పకపోతే సభ ఇచ్చే గింజలు ఆపేత్తాను."

"ఆపీ."

అప్పలసూరి తల ఎత్తాడు. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. దాలమ్మ అతని మడమ గట్టిగా నొక్కింది. "కదలకు బాబూ, రగతం ఆగాల" అంది. ఆ మాట విని బంగారి కళ్ళు తెరిచింది.

నాయుడు గింజలు ఆపేశాడు. దాలమ్మ అక్కడినుంచి లేవలేదు. మర్నాడు బంగారి కొర్ర గంజి తెచ్చి ఆమె ముందు పెట్టి, తన రెండు కాళ్ళూ చాపింది. రెండోనాడు ఆడవాళ్ళు వచ్చారు. మూడోనాడు కాలవ దారి వదిలి మగవాళ్ళు వచ్చారు. "మా సంగతి కూడా సెప్పవు కదా?" అని గుసగుసగా అడిగినవాళ్ళే ఎక్కువ. అందరి వెనకాల, పొద్దుగూకే వేళ, జగ్గునాయుడు వచ్చి కాలు చాపాడు.

"తెలత్తందా బావూ?"

నాయుడు చుట్టూ చూశాడు. "నేదు దాలమ్మా" అన్నాడు చిన్న గొంతుతో. ఈ మాట దాలమ్మ ఎవరికీ చెప్పలేదు. ఊరికి తెలిసిందంటే నాయుడే చెప్పి ఉండాలి. ఆమె గింజలు ఆమెకు మళ్ళీ వచ్చాయి. బెల్లం కొట్టుకు తాళం పడింది. దొంగ మాట సభలో మరి లేవలేదు.

అప్పలసూరికి ఒక వేలు పోయింది, కాలు మిగిలింది. దిబ్బకు నడిచాడు, గంజి తాగాడు, బెల్లం మళ్ళీ ముట్టలేదు. జబ్బు ఊళ్ళోంచి పోలేదు. జబ్బూ ఉంది, కాళ్ళూ ఉన్నాయి.

ఏళ్ళు గడిచాయి. దాలమ్మ మంచం పట్టింది. బంగారి పక్కన కూర్చుని ఎన్నాళ్ళనుంచో నోట్లో నానుతున్న మాట అడిగింది.

"అప్పా, ఆ బూడిదలో అడుగు ఎవరిదో నీకు ఆ రోజు తెలుసా?"

దాలమ్మ దిండు కింద తడిమి నెమలీక తీసింది.

"కాలిలా ఎట్టు గుంటా" అంది. మూడుసార్లు రాసింది. "తెలత్తందా?"

"తెలత్తంది దాలమ్మా" అంది బంగారి, ఏడుస్తూ.

ఆ జవాబు వినే ఆమె కన్ను మూసింది.

అందుకే ఈరోజుకీ చెరకుపాలెంలో పొలం నుంచి వచ్చినవాళ్ళను గడప అవతలే ఆపి కాళ్ళ మీద నీళ్ళు పోస్తారు. వేళ్ళ సందులు చూస్తారు. కొత్తకోడలు గడప దాటేముందు పెళ్ళికొడుకు అరికాలి మీద నెమలీకతో మూడుసార్లు రాస్తుంది. అడిగేది పెళ్ళామైనా, తల్లైనా, పసిపిల్లైనా జవాబు ఒక్కటే.

"తెలత్తంది దాలమ్మా."

ఎవడి నోటైనా ఆ మాట రాకపోతే, ఎందుకని ఎవరూ గట్టిగా అడగరు. వీధిలోకి చెప్పరు. చెయ్యి పట్టుకుని నెమ్మదిగా సభ పెట్టిన వైద్యుడి దగ్గరికి తీసుకెళతారు.