పదకొండు నెలల గడువు

వీధి మొత్తానికి బుర్ర ఉన్నది తమ ఒక్క ఇంట్లోనే అని నూకాలమ్మకి గట్టి నమ్మకం. మొగుడు అప్పలకొండకీ, తమ్ముడు ఎర్రయ్యకీ కూడా అదే నమ్మకం. ఎవరికైనా పదిసార్లు చెప్పాలి, మనకి ఒక్కసారి చాలు, చెప్పింది చెప్పినట్టు చేసేస్తాం అని ముగ్గురూ మురిసిపోయేవారు.

ఉన్న అరెకరం అమ్మేసి అనకాపల్లి శివార్లో రెండు పోర్షన్ల ఇల్లు కట్టుకున్నారు. ఒకటి తమకి, ఒకటి అద్దెకి. ఇది పోయిందా, నిలువ నీడ లేదు. ఆ భయంతోనే నూకాలమ్మ ప్లీడరుగారి దగ్గరికి పరిగెత్తింది.

"ఇల్లు ఖాళీగా ఉంచకు, ఎవడో ఆక్రమిస్తాడు," అన్నాడాయన. "అద్దెకొచ్చేవాణ్ణి అన్నివైపుల నుంచీ చూసుకుని మరీ దింపు. ఎవర్నీ పదకొండు నెలలకి మించి ఉండనివ్వకు. ఆనక ఇల్లు నాదే అంటారు."

అంతే! ఇంటికి రాగానే ఖాళీ పోర్షను నిండా కొబ్బరి డొక్కలు కుక్కేశారు. ఇల్లు చూడ్డానికొచ్చిన సుదర్శనం మాస్టారు తలుపు తీశారో లేదో, డొక్కలన్నీ ఆయన మీదే పడ్డాయి.

తవ్వి బయటికి తీశారు పాపం. తీసి ఎండలో స్టూలు మీద నిలబెట్టారు. ఎర్రయ్య ముందునుంచి చూశాడు, అప్పలకొండ వెనకనుంచి చూశాడు, నూకాలమ్మ నిచ్చెనెక్కి పైనుంచి చూసింది.

"నడినెత్తిన కాస్త బట్టతల ఉందిరా," అంది.

"ఇల్లు పాడయ్యేంత లేదులే అక్కా," అన్నాడు ఎర్రయ్య.

వేరే ఇల్లు దొరక్క మాస్టారు నోరు మూసుకుని దిగారు. ఎంత మంచి మనిషో! పదకొండు నెలలు ఒక్క మాట పడకుండా గడిచాయి. ఆఖరి రోజు నూకాలమ్మ ఏడుస్తూనే ఆయన పెట్టేబేడా ఆటోలోకెక్కించింది. ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఠక్కున ఆగి మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యో, మనం ఈ ఇంట్లో దిగి ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు దాటింది," అన్నాడు అప్పలకొండ.

"ఓలమ్మో! అయితే ఈ ఇల్లు మనమే కాజేసేస్తాం! పదండి బయటికి!"

ఇంకేముంది, చాపలూ చెంబులూ పట్టుకుని ముగ్గురూ రోడ్డున పడ్డారు. తాళం వేశాక ఎర్రయ్య లబోదిబోమన్నాడు. "అక్కా, ఇప్పుడు ఇల్లంతా ఖాళీ! ఎవడైనా ఆక్రమిస్తే?"

నూకాలమ్మ పరిగెత్తుకెళ్ళి ఆటోకి అడ్డం పడింది. "మాస్టారూ, ఖాళీ చేసేశారుగా, ఇక మీరు కొత్తవారే. ఇల్లు మొత్తం మీరే ఉండండి, పుణ్యముంటుంది!" అని తాళంచెవి చేతిలో పెట్టింది. నవ్వాలో ఏడవాలో తెలీక ఆయన మళ్ళీ సామాను దింపుకున్నారు.

సాయంత్రానికి వాన పట్టుకుంది. తడిసి ముద్దయిన నూకాలమ్మ తలుపు తట్టింది. "మాస్టారూ, మేం ముగ్గురమే. ఓ పోర్షను అద్దెకిస్తారా?"

"అదేంటమ్మా, ఇది మీ ఇల్లే కదా! లోపలికి రండి," అన్నారు మాస్టారు.

నూకాలమ్మ రెండు చేతులతో నెత్తి బాదుకుంది. "అయ్యో అమాయకుడా! అద్దెకొచ్చినవాళ్ళతో ఎవరైనా అలా అంటారా? రేపే మీ ఇల్లు ఊడబెరుక్కుపోరూ!" అని తనే తలుపు దగ్గరికి లాగి, లోపల గడియ పడేదాకా వానలో నిలబడి అరిచింది.