రాజముద్ర పడిన తాళం

కమ్మరి ఈరమ్మ తాను కనిపెట్టిన తాళం నమూనాని అడిగిన ప్రతి కమ్మరికీ ఊరికే ఇచ్చింది. కొన్నాళ్ళకి రాజ్యమంతా ఆ తాళాలే, సర్కారు వాటికైతే పైన రాజముద్ర కూడా. తీరా ఒకరోజు, వంకర మేకు పెట్టి తిప్పితే అది ఊడొస్తోందని ఆవిడకే తెలిసింది. లోపల ఇంకో మీట అమరిస్తే సరిపోతుందని చెప్పడానికి దివాను భుజంగరాయుడి దగ్గరికి పరిగెత్తింది.

"రాజముద్ర వేసిన తాళం విప్పుతావా? ఇచ్చేశావు, నీ పని అయిపోయింది, ఫో!" అని కసిరాడు దివాను.

చివరికి దొంగలు ధాన్యం కొట్టు దోచేశారు. దివాను నిండు సభలో ఈరమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"ఆ చెత్త తాళం చేసింది ఇదే మహాప్రభో! చెరసాలలో పడెయ్యండి!"

ఈరమ్మకి ఒళ్ళు మండిపోయింది. అయినా భటుల వెంట నడిచింది.

సభ ముగియకముందే గుమ్మంలో మళ్ళీ ఈరమ్మ! చేతిలోని తాళాన్ని దివాను కాళ్ళ ముందు ఠంగుమని విసిరికొట్టింది.

"చెరసాలకీ ఇదే పెట్టించారు కదా దివానుగారూ!"

రాజు అదిరిపడ్డాడు. "మరి లోపలున్న దొంగలో?"

"నేను కాబట్టి చెప్పడానికి వచ్చాను మహారాజా. వాళ్ళు చెప్పకుండా ఎప్పుడో పోయారు. మీ భటులు మాత్రం ఖాళీ గదుల ముందు నిలబడి ముద్రలకి కాపలా కాస్తున్నారు."