టేకు ఆకు దాచుకున్న ఎరుపు

ఒకప్పుడు టేకు ఆకులో ఎరుపు లేదు. లేతాకు తెంపి ఎంత నలిపినా చేతికి పచ్చటి పసరే అంటుకునేది. అది ఎప్పటి మాట అనుకున్నారు? కోటలూ దొరలూ, కత్తులూ ఈటెలూ ఉన్న నాటి మాట.

ఆ రోజుల్లో ఒక ఏటికి ఎగువన ఒక కోట, దిగువన ఒక కోట ఉండేవి. ఆ రెండు కోటల దొరలకీ మూడు తరాలుగా పగ. ఎందుకు మొదలైందయ్యా అంటే వాళ్లకే తెలియదు! తెలియకపోయినా నరుక్కోవడం మాత్రం మానలేదు.

వాళ్లకొక పాడు కట్టుబాటు ఉండేది. తమవాడు పోరులో పోతే, వాడి ఒంటిమీది నెత్తుటి పైపంచెను ఉతక్కుండా కోట గుమ్మానికి వేలాడదీసేవాళ్లు. అవతలి కోటలో మగపురుగన్నది మిగలకుండా పోయాకే దాన్ని తడపాలి. అంతవరకూ పిల్లలు దాని కిందనుంచే ఆటలకి పోవాలి, దాని కిందనుంచే అన్నానికి రావాలి.

ఎగువకోట గుమ్మానికి వేలాడేది ప్రోలయ దొర పంచె. ఆయన భార్య మైలమ పదేళ్లుగా దాన్ని చూస్తూనే బతుకుతోంది. ఆమెకి ఒక్కడే కొడుకు, బేతయ. వాడికి నూనూగు మీసం వచ్చింది. దశమినాడు ఆ పంచె కింద నిలబెట్టి వాడి చేతికి కత్తి ఇవ్వాలని, వాడు దిగువకోట మీదికి పోవాలని మైలమ మరిది కాటయ ముహూర్తం పెట్టించాడు. దిగువకోట దొర ఇంట మిగిలింది కూడా ఒక్క మగపిల్లవాడే. వాడు ముసలి కుందమ మనవడు, గన్నయ.

మైలమకి ముద్ద దిగలేదు. బేతయ చచ్చిపోతే ఇల్లు చీకటి. చంపి వస్తే నెత్తుటి చేతులతో అన్నం ముందు కూర్చుంటాడు. ఎటు చూసినా తన బిడ్డ తనకి దక్కడని ఆమె కుమిలిపోయింది.

దశమి రానే వచ్చింది. పొద్దెక్కాక, అందరూ చూస్తుండగానే ఆమె పీట వేసుకుని గుమ్మం మీది పంచె దింపింది. కోట కోటంతా నోరు తెరుచుకుని నిలబడిపోయింది. కాటయ కత్తి దూసి అడ్డం వచ్చాడు. కానీ తల్లిలాంటి వదిన మీద చెయ్యెలా ఎత్తుతాడు? పళ్లు నూరుకుంటూ మనుషులతో, బేతయతో వెనకే నడిచాడు. ఆమె పంచెను తట్టలో పెట్టుకుని తిన్నగా దిగువకోటకే పోయింది. ఎంత గుండె ధైర్యమో చూడండి మరి!

అక్కడా గుమ్మానికి ఒక పంచె వేలాడుతోంది. అది కుందమ కొడుకుది. ముసలామె కర్ర పట్టుకుని బయటికి వచ్చింది.

"అత్తా," అంది మైలమ. పగవాళ్లింటి మనిషిని వరసపెట్టి పిలవడం మూడు తరాల్లో అదే మొదలు. "నీ మనవడు పోతే నువ్వు ఏడుస్తావు, నా కొడుకు పోతే నేను ఏడుస్తాను. ఆ ఏడుపేమిటో మనిద్దరికీ తెలుసు. రా, ఈ పంచెలు ఉతికేద్దాం."

కొడుకు నెత్తురు కడిగేసుకుంటే కొడుకునే మరిచిపోయినట్టు కాదా అని కుందమ బాధ. ఆ మాటే అడిగింది. మైలమ తన సంగతి చెప్పుకుంది. కళ్లు మూసుకుంటే ఈ మరకే కనబడుతోందని, ప్రోలయ నవ్వు మొహం గుర్తుకు రాక ఎన్నేళ్లయిందో అని చెప్పి భోరుమంది. కుందమ కూడా కళ్లు తుడుచుకుని తన గుమ్మం మీది పంచె దింపించింది.

ఏటి ఒడ్డుకు వచ్చారో లేదో, మరో చిక్కు వచ్చి పడింది. ముందు తడిపినవాళ్లు ఓడినట్టే అని రెండు కోటల మగవాళ్లూ గోల. చూశారా, ప్రాణాల మీదికి వచ్చినా పంతం చావదు! మైలమ పెళ్లి కొంగుముడిలా రెండు పంచెల అంచులూ కలిపి ముడి వేసింది. ఇక ఏది ముందు, ఏది వెనక?

కానీ ఏరు వద్దంది. తన నీళ్లు ఎన్నో ఊళ్లు తాగుతాయి, వాళ్లందరికీ ఈ పగ తాగించలేనంది. పాతిపెడదామంటే నేల కూడా ఒప్పుకోలేదు. తనలో ఏది పడినా మొలుస్తుంది, రేపు పగ మొలిస్తే ఎవరు కోసుకుంటారని అడిగింది. ఎండగట్టి వదిలేద్దామంటే, ఆ వాసన నాలుగు దిక్కులకీ మోయాల్సి వస్తుందని గాలి తప్పుకుంది.

మగవాళ్ల చేతులు మళ్లీ కత్తుల మీదికి పోయాయి. ఆ వరసలో బేతయ ఉన్నాడు, ఈ వరసలో గన్నయ ఉన్నాడు.

అప్పుడు ఒడ్డున ఉన్న టేకు చెట్టు నోరు విప్పింది.

"మీ ఈటెల కర్రలన్నీ నా కొమ్మలే. ఈ పాపంలో నాకూ పాలుంది. ఆ మరక నాకివ్వండి."

చెట్టు చెప్పినట్టే ఆడవాళ్లిద్దరూ లేతాకులు కోసి పంచెలు తుడిచారు. తుడిచిన కొద్దీ మరక ఆకుల్లోకి ఇంకిపోయింది. పంచెలు తెల్లబడ్డాయి. ఆకులు మాత్రం పైకి పచ్చగానే ఉన్నాయి.

కాటయకి నమ్మకం కుదరలేదు. అన్న నెత్తురు ఎటు పోయిందని ఒక ఆకు తీసి అరచేతిలో నలిపాడు. చెయ్యి ఎర్రబడింది. దానికేసి చూస్తూ, "ఇందులో మా అన్నది ఏది?" అన్నాడు.

గన్నయ కూడా తండ్రి నెత్తురు పోల్చుకుందామని ఒక ఆకు నలిపాడు. ఇద్దరూ చేతులు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. అదే ఎరుపు. కాటయ కత్తి కింద పడేసి, ఆ పిల్లవాణ్ని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ పూట మైలమ కొడుక్కి తన చేత్తో అన్నం కలిపి పెట్టింది.

అప్పటినుంచే టేకు లేతాకు నలిపితే చెయ్యి ఎర్రబడుతుంది. ఆ ఎరుపులో ఎగువకోటది ఏదో, దిగువకోటది ఏదో ఈనాటికీ ఎవరూ చెప్పలేరు.