ఓబో పక్కన కుర్చీ

కెజియాకు ఆ రోజు ఒకటే గుబులు, ఒకటే సంబరం. సాయంత్రం ఆరున్నరకు సికింద్రాబాద్‌లో కచేరీ. ఎప్పుడో మన తాతల తాతల కాలంలో యూరప్‌లో రాసిన పెద్ద వయొలిన్ కాన్సర్టో. వెనక యాభై మంది వాయిస్తుంటే ముందు నిలబడి వాయించేది తనొక్కతే. ఎనిమిదేళ్లుగా దైవసహాయం మాస్టారు నేర్పిందంతా దీనికోసమే.

కానీ రెండో భాగం దగ్గర పేచీ వచ్చింది. అందులో అసలు పాటంతా ముందు ఓబో వాయిస్తుంది. ఓబో అంటే మన సన్నాయికి చుట్టం. అది మోగినంతసేపూ, రెండు నిమిషాల పైనే, వయొలిన్ అమ్మాయి ఊరికే నిలబడాలి.

పొద్దున రిహార్సల్లో కెజియా అడిగేసింది.

"మాస్టారూ, జనం వచ్చేది నాకోసం కదా. నేను దిష్టిబొమ్మలా నిలబడాలా? ఆ ముక్క సగం తగ్గిస్తే ఏం పోతుంది?"

ఓబో వాయించే ఫ్రాన్సిస్‌కు అరవై దాటాయి. "నాకిది పుష్కరాల్లాంటిది పాపా, పన్నెండేళ్లకోసారి వస్తుంది. అదీ లాక్కుంటావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఓబోను ఒళ్లోకి లాక్కున్నాడు.

అందర్నీ నడిపించే కండక్టరు మాస్టారి వైపు చూశాడు. "మీరెలా అంటే అలా."

కింద కూర్చున్న మాస్టారు స్టేజీ మెట్లెక్కి వచ్చి కెజియా చేతిలోంచి వయొలిన్, కమాను తీసుకున్నారు. ఫ్రాన్సిస్ పక్కన కుర్చీ వేశారు.

"కూర్చో. ఆయన ఊపిరి పీల్చినప్పుడే నువ్వూ పీల్చు. మధ్యలో వద్దు."

ఫ్రాన్సిస్ మొదలుపెట్టాడు. పాట మొదటి వరుసకే కెజియా మొహం ఎర్రబడింది. రెండో వరుసలో ఆగలేక గుటుక్కున గాలి మింగింది. ఆయన మెడ నరాలు ఉబ్బాయి, చెవులు కందాయి. పాట మాత్రం తెగలేదు.

"మళ్లీ," అన్నారు మాస్టారు.

మూడోసారికి ఆమె ఊపిరి ఆయన ఊపిరితో కలిసింది. సరిగ్గా ఓబో ఆగేచోట మాస్టారు వయొలిన్, కమాను ఆమె చేతికిచ్చారు. కమాను దానంతటదే కదిలినట్టు కదిలింది. వెనక వయొలిన్ల వాళ్లు చప్పట్లకు బదులు కమానులతో ముందున్న కాగితాల స్టాండ్లు తట్టారు.

"సగం కొట్టేయనా మరి?" అడిగాడు కండక్టరు.

కెజియా ఆయాసపడుతూ వద్దని తలూపింది.

సాయంత్రం హాలు నిండిపోయింది. రెండో భాగం వచ్చింది. ఓబో ఎత్తుకుంది. కెజియా వయొలిన్ చంకన పెట్టుకుని, కమాను దించి, కళ్లు మూసుకుని నిలబడింది. ఫ్రాన్సిస్ ఊపిరి తీసిన చోటల్లా ఆమె భుజాలు లేచాయి.

ముందు వరుసలో ఒకావిడ పక్కనున్న మాస్టారి వైపు వంగింది. "ఈ అమ్మాయి ఎంత బాగా వాయిస్తోందండీ," అంది గుసగుసగా.

"అవునమ్మా," అన్నారు మాస్టారు.